మీరు క్యారెట్లేల తినరు?

సంగీతమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, నాకు స్వరజ్ఞానము లేదని సవినయముగా మనవిచేసికొంటిని. ఈ పాఠశాలలో చదివిన దినములలో నేను గాయకబృందపు వెనుక వరుసలో నిలిచి పెదవులు మాత్రము కదలించుచుండెడివాడనని నా సహాధ్యాయు లెరుగుదురు. పాడినవాడు నా తమ్ముడు. కావున వ్యాసము నాదైనను ఇందలి సంగీతము వానిదే.

మా యిల్లు మొయినాబాదునకును చేవెళ్ళకును నడుమ, మర్రిచెట్ల బాటకు కొంతదూరమున నున్నది. ఆ బాటవెంట బడికి వచ్చిన బాలబాలికలకు ఆ చెట్ల నీడను నేను వర్ణింప బనిలేదు. మా తండ్రిగారు రెండెకరముల యెర్రనేలలో బోరునీటితో క్యారెటు పండించెడివారు. ఆ గడ్డలు పీకుట మా యింట రాత్రిపని. సాయంకాలము మళ్ళకు నీరు పెట్టి నేలను మెత్తబరచి, దీపపు వెలుతురున గడ్డలు పీకి, ఆకు త్రుంచి, మన్ను పోవునట్లు కడిగి, సంచుల కెత్తి, తెల్లవారుజామున పట్నపు మార్కెట్టునకు బోవు బండిలో వేయవలెను. పుష్యమాసపు చలిలో ఆ నీట చేతులు పెట్టిన పిల్లలకు క్యారెటు తినవలెనను కోరిక పుట్టదు. మేము దానిని తిన్న జ్ఞాపకము నాకు లేదు. తమ్ముడు మాత్రము కడుగుచునే పాడెడివాడు, ఖాళీ డబ్బాపై తాళము వేసెడివాడు, నాయిన విసుగుకొనెడివారు.

నాయిన గతించిన తరువాత మాకు కలహము వచ్చినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తరువు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కట్టడములను నిర్బంధించినది. 2022 ఏప్రిలులో ప్రభుత్వము ఆ నిర్బంధములను తొలగించుచు వేరొక యుత్తరువు నిచ్చినది మొదలు మా వైపున భూమి ధర తప్ప వేఱు సంభాషణము వినరాదాయెను. తమ్ముడప్పటికి జర్మనీదేశమున హాంబుర్గు నగరమున నుద్యోగము చేయుచుండెను. చేను అమ్ముదమని ఫోనులో ననెను. నేను వలదంటిని. మాట మీద మాట పెరిగినది. "మట్టి ముట్టనోనికి మట్టి మీద మాటెందుకురా" అని నోరు జారితిని. పదియేండ్ల వయస్సు నుండి నాతోపాటు ఆ చలినీట చేతులు ముంచినవాడు వాడు. ఫోను పెట్టివేసెను. ఆ మీదట రెండేండ్లకు పైగా మా మాటలన్నియు అమ్మ నోట నడచినవి. "మీ తమ్ముడు బాగున్నడట", "మీ అన్నకు జెప్పు" — ఇంతియే.

గత డిసెంబరులో వాడు సెలవు పెట్టి వచ్చెను. రెండు దినములు ఇల్లు నిశ్శబ్దముగా నుండెను. మూడవనాటి సాయంకాలము పెట్టెలోనుండి యొక చిన్న రికార్డు ప్లేయరును, దానితోగూడ ఒక గ్రామఫోను పళ్లెమును దీసి అరుగుమీద పెట్టెను. నన్ను రమ్మనలేదు, అయినను పళ్లెమును నా కంటబడునట్లే యుంచెను.

అట్టి పళ్లెమును నేనెన్నడును జూచి యుండలేదు. అది నల్లగా లేదు. గాజువలె పారదర్శకమై యుండెను. దాని తొడుగును పారదర్శకమే. తొడుగుమీద ఆసుపత్రిలో తీయు ఎక్స్‌రే బొమ్మ యొకటి: బిగించిన పిడికిలి, లోపలి యెముకలతో సహా. ఎత్తి పట్టుకొని చూడగా పిడికిలి గుండ మా వాకిటి వేపచెట్టు కనబడెను.

"ఏం బొమ్మరా ఇది?" అంటిని. రెండేండ్ల పిమ్మట వానితో నేనాడిన తొలిమాట అదియే.

"బృందం పేరే గదన్నా. జర్మన్ల ఫౌస్ట్ అంటె పిడికిలి."

ఫౌస్ట్ అనునది గేటె మహాకవి నాటకములోని పండితుని పేరును గూడ. సైతానుతో నొడంబడిక చేసికొన్న ఆ పండితుని కథ మన ఉపాధ్యాయులలో కొందరికి సుపరిచితము. ఈ బృందమువారు రెండర్థములను కోరియే ఆ పేరు పెట్టుకొనిరో యేమో, వారు చేసికొన్న ఒడంబడిక మాత్రము పెద్దదే. హాంబుర్గులోని పోలిడోరు అను రికార్డుల కంపెనీవారు, ఇంగ్లండునకు బీటిల్సు ఉన్నట్లు జర్మనీకిని ఒక బృందము కావలెనని తలంచి, ఊవె నెటెల్‌బెకు అను పత్రికారచయితతో సంప్రదించిరి. ఆయన హాంబుర్గులోని రెండు చిన్న బృందములను కలిపి ఆరుగురిని సమకూర్చెను. కంపెనీ యిచ్చిన ధనముతో, హాంబుర్గునకును బ్రెమెనునకును నడుమ నున్న వ్యుమ్మె యను పల్లెలో ఒక పాత బడిని తీసికొని, దానినే నివాసముగను శబ్దముద్రణశాలగను మార్చిరి. చదువరులు గమనింతురుగాక, పాత బడి! మన తరగతిగదులవంటి గదులలో తీగెలు పఱచి, కుర్ట్ గ్రౌప్నరు అను యంత్రనిపుణుడు కూర్చిన పెట్టెల సాయమున ఎవరి ధ్వనిని వారు వంచుకొనుచు, విఱుచుకొనుచు కాలము గడపిరి. మంచముమీద పండుకొనియే వాయించుటకు వీలుగా తీగెలు లాగుకొనిరని గూడ చెప్పుదురు. అట్టి విద్యార్థులను మన ప్రధానోపాధ్యాయులు ఎన్నిదినములు సహింతురో నేను చెప్పజాలను.

ఆ యింట పుట్టిన తొలి ఫలము ఈ పళ్లెము. 1971లో వెలువడినది. బీటిల్సువంటి దానిని కోరిన కంపెనీవారికి వీరు ఇచ్చిన దేమనగా — కాని దానిని విన్న విధముననే చెప్పెదను.

తమ్ముడు ముల్లు దింపెను. మొదట ఝుమ్మను విద్యుద్ధ్వని యొకటి లేచి, అంతకంతకు హెచ్చెను. వంటయింటనుండి అమ్మ పరుగున వచ్చెను.

"మోటరు కాలిపోతున్నట్టున్నది, సూడుండ్రిరా!"

"మోటరు గాదే అమ్మా, పాట!" అని తమ్ముడు నవ్వెను. అమ్మ నమ్మక బోరు దిక్కు చూచి, మరల వచ్చి గడపమీద కూర్చుండెను. ఆ రొదలోనుండి బీటిల్సువారి పాటముక్క యొకటియు, రోలింగ్ స్టోన్సు అను మఱియొక ఆంగ్లబృందముయొక్క పాటముక్క యొకటియు, రాత్రివేళ రేడియోలో దూరపు స్టేషను అందియు అందనట్లు, పైకి వచ్చి మునిగిపోయినవి. లోకమంతయు పాడుకొన్న పాటలను తమ రొదలో ముంచివేసి, అప్పుడు వీరు పియానో ముట్టిరి. వెనుకనే పెండ్లి బ్యాండువంటి బాకాల వరుస యొకటి, గుంపుగా పలికెడి కంఠములు.

ఇది కేవలము చిలిపితన మని నేనంటిని. తమ్ముడు కాదనెను. వాడు చెప్పినది యిది: 1945లో యుద్ధము ముగిసిన తరువాత ఎదిగిన ఆ దేశపు యువకులకు తండ్రులనాటి పాటలు పాడుటకు మనసొప్పలేదు, హిట్లరు కాలపు మరక వాటికి అంటియుండెను. రేడియో నిండ ఆంగ్లేయుల పాటలు, అమెరికనుల పాటలు. తండ్రిది పాడరాదు, పరులది పాడనొల్లరు. ఇక మిగిలిన దేమి? యంత్రపు రొద, వాన, విరిగిన మాట, ఇంటిలోని చప్పుడు — వీనితోనే మొదలుపెట్టవలెను. అదే తరమున అదే దేశమున మఱికొన్ని బృందములును ఈ విధముననే తమతమ త్రోవలు వెదకికొన్నవట. ఆంగ్లేయ పత్రికలవారు వారందఱికిని కలిపి క్రౌట్‌రాక్ అని పరిహాసపు పేరు పెట్టగా, అదియే నిలిచిపోయెను.

"నాయిన పాట పాడొద్దని ఎవడు జెప్పిండు?" అని నేను కొంచెము కటువుగా నంటిని. వాడు బదులు చెప్పలేదు. నేనన్నది పాటను గూర్చి కాదని ఇద్దరికిని తెలియును.

అమ్మయే ఆ మౌనమును విఱిచినది. "ఈ పాట పేరేందిరా?"

"తెలుగుల జెప్పాల్నంటె, మీరు క్యారెట్లెందుకు తినరు అని."

అమ్మ కొంతసేపు ఆలోచించి, "మనం తింటె అమ్మటానికేం మిగుల్తది బిడ్డా" అనెను. తమ్ముడును నేనును ఒక్కసారిగా నవ్వితిమి. ఆ పేరునకు అర్థమేమని జర్మనీలో ఎవరిని అడిగినను చెప్పలేకపోయిరట! మా యమ్మ చెప్పినది.

రెండవ పాట పేరునకు పచ్చికబయలు భోజన మని యర్థము. అది లోహము గీచినట్టి చప్పుళ్ళతో ఆరంభమై, కొన్ని మాటలు జపమువలె సాగి, ఆ మీద గిటారులు మిన్నంటునట్లు మ్రోగి, ఆగిపోయినది. అటుపిమ్మట వాన, ఉరుము. ఆ వాన వెలిసిన చోట ఆర్గను ఒక్కటే వినబడెను, నిదానముగా, ఎవరును లేని గదిలో నెవరో తమకొఱకే వాయించుకొనుచున్నట్లు. మన పాఠశాల ప్రార్థనాగదిలో ప్రార్థన ముగిసి అందఱు వెళ్ళిన తరువాత తమ్ముడు హార్మోనియము ముందు కూర్చుండి యట్లే వాయించెడివాడు. నేను వాని పుస్తకముల సంచి మోసికొని బయట నిలుచుండెడివాడను. ఈ పళ్లెములో నాకు మిక్కిలి నచ్చిన భాగమిది.

తమ్ముడు పళ్లెమును త్రిప్పెను. రెండవ వైపంతయు ఒక్కటే పాట, 16 నిమిషములకు మించినది. దాని పేరు దురదృష్టమను మాటతో ఆడిన శ్లేష. ఇందలి మొదటి సగము నాకు అప్పుడును రుచింపలేదు, ఇప్పుడును రుచింపదు. డోలు కొట్టుచునేయుందురు, కంఠములు నాటకపు గాయకులను వెక్కిరించినట్లు దీర్ఘములు తీయును. అమ్మ లేచి బియ్యము చూచుకొన బోయెను. నేనును లేవదలచితిని గాని, తమ్ముడు కన్నులు మూసికొని యుండుట జూచి కూర్చుంటిని.

కడపట డోలు మానినది. మెల్లని గిటారు మాత్రము మిగిలెను. దానిమీద ఇద్దరు మనుష్యులు ఆంగ్లమున ఏదో చదువసాగిరి. చదువుట యెట్లనగా, ఒకడు ఒక్క మాట పలుకును. తరువాతి మాటను రెండవవాడు పలుకును. మఱియొక మాట మొదటివాడు. ఒక్కొక్కని మాటలు వేఱుగా వినిన నర్థము కాదు. ఒకడు పలికి యూరకున్న యెడల వాక్యము సాగదు. అట్లు పలికి పలికి ముగించిరి. ముల్లు చివరి గీతలో గిఱగిఱ తిరుగుచుండెను. ఇద్దరిలో నెవరమును దానిని తీయలేదు.

పళ్లెమంతయు సుమారు 34 నిమిషములు. నాయిన పోయిన పిమ్మట మేమిద్దర మంతసేపు ఒక్కచోట కూర్చుండుట అదియే మొదటిసారి.

ఈ పళ్లెము స్వదేశమున బహుస్వల్పముగా అమ్ముడుపోయినది. 1972లో వచ్చిన రెండవ పళ్లెము తరువాత పోలిడోరువారు వీరిని వదలుకొనిరి. అయితే 1973లో వర్జిన్ అను ఆంగ్ల కంపెనీ, వీరి తునకలను గూర్చిన యొక పళ్లెమును 49 పెన్నీలకే విక్రయింపగా వేలాదిమంది కొనిరి. కొన్నవారిలో ఎందఱు తుదివరకు వినిరో! బీటిల్సును కోరి డబ్బు పెట్టిన కంపెనీమీద నాకు జాలి కలుగుచున్నది. వారు అడిగినది ధర పలుకు పంట, వచ్చినది ఇది.

"నోరు జారిన్రా తమ్మీ" అంటిని.

"యాది లేదన్నా" అనెను. వానికి యాది యున్నదని నాకు తెలియును.

ఆ రాత్రి పీకవలసిన మళ్ళు రెండు మిగిలియుండెను. వాడు అడుగకయే లాగు మోకాళ్ళదాక మడచి తొట్టివద్దకు వచ్చెను. చలికి వ్రేళ్ళు తిమ్మిరెక్కువఱకు కడిగితిమి. తెల్లవారుజామున బండి వచ్చునప్పటికి పదునేడు సంచులు నిండినవి. చేను అమ్ముటయో ఉంచుటయో తేలలేదు. వాడింకను అమ్మవలెననియే యున్నాడు. నేనింకను వలదనియే యున్నాను. ఇప్పుడు ఆ మాటను ఒకరితో నొకరము చెప్పుకొనుచున్నాము; అమ్మకు ఆ పని తప్పినది.

సెలవు ముగిసి పోవునప్పుడు పళ్లెమును నా కిచ్చిపోయెను. ప్లేయరును మాత్రము తనతో తీసికొనిపోయెను. ఎండకాలమున వచ్చినప్పుడు తెత్తునని చెప్పినాడు.