నెట్ పోయింది... ఎక్కడ?

కరెంటు పోతే పక్కింటి వైపు చూస్తారు. వాళ్లకీ లేదని తెలిస్తే 'హమ్మయ్య, అందరికీ పోయింది' అని స్థిమితపడతారు. నీళ్లు రాకపోతే వీధి కుళాయి దగ్గరికెళ్లి వాకబు చేస్తారు. మరి ఇంటర్నెట్ పోతే? ఎటు చూడాలి? పక్కింటివాళ్లది వేరే కంపెనీ. ఎదురింటివాళ్లకు అన్నీ ఫోన్‌లోనే. ఇక మిగిలింది గోడకున్న తెల్ల డబ్బా. దాని మీద మిణుకుమిణుకుమనే దీపాలు. ఏ దీపం ఏం చెబుతోందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు!

కాకినాడలో రిటైరైన ఓ లెక్కల మాస్టారి ఇంట్లో 2024 జులైలో అదే జరిగింది. ఏ సీరియలో ఆగిపోతే పోనీ అనుకోవచ్చు. ఆ రోజు మనవరాలి ఇంజినీరింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. (ఆ పరీక్షకు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచే ఈఏపీసెట్ అని పేరు మారింది. ఇళ్లలో మాత్రం ఇంకా ఎంసెట్టే.)

ఆఖరి రోజు దాకా ఎందుకాగారు? ఆడపిల్ల చదువు విషయంలో ఏ ఇంట్లోనైనా జరిగేదే. కాకినాడలోనే ఉంటే కళ్లముందు ఉంటుందని తండ్రి. విశాఖపట్నం వెళ్తానని పిల్ల. ఎక్కడైనా సరే, కంప్యూటర్సే తీసుకోవాలని తల్లి. వారం రోజులు చర్చలు. చివరికి ముందురోజు రాత్రి రాజీ కుదిరింది. కాలేజీ కోడ్లు, బ్రాంచి కోడ్లు వరసగా లాంగ్‌నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆరు పేజీలు వచ్చింది. ఈ జాబితాలో వరసే ప్రాణం. పైనుంచి చూసుకుంటూ వస్తూ, ర్యాంకుకు ఎక్కడ ఖాళీ తగిలితే అక్కడే సీటు. కింద ఉండాల్సిన కాలేజీ పొరపాటున పైకెక్కితే ఆ పైన ఏడ్చి లాభం లేదు.

ఆ రాత్రే గాలీవానా. తెల్లవార్లూ కరెంటు లేదు. పొద్దున్నే కరెంటొచ్చింది కానీ తెల్ల డబ్బా మీద ఓ ఎర్రదీపం వెలిగింది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఎల్ఓఎస్ అని ఉంది. 'లాస్' అని చదివి, ఏం నష్టం వచ్చిందోనని మాస్టారి భార్య కంగారుపడింది.

ఆవిడ అనుకున్నదానికి అసలు అర్థం మరీ దూరమేమీ కాదు. సంకేతం అందడం లేదని దాని భావం. ఇప్పుడు ఇళ్లకు వచ్చే ఫైబర్ లోపల రాగితీగ ఉండదు, గాజుపోగు ఉంటుంది. దాని మందం 125 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులోనూ వెలుతురు నడిచేది మధ్యలో ఉన్న తొమ్మిది మైక్రాన్ల దారిలోనే. కరెంటు తీగను ఎలా మడిచినా కరెంటు వస్తుంది. గాజుపోగును బాగా వంచితే మాత్రం వెలుతురు మలుపు దగ్గర బయటికి జారిపోతుంది. తీగ తెగక్కర్లేదు. బీరువాను గోడకు గట్టిగా జరిపినా చాలు, పండక్కి బూజు దులుపుతూ లాగినా చాలు. ఎర్రదీపం వెలిగిందంటే వెలుతురు ఇంటిదాకా రావడం లేదన్నమాట. అలాంటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్ని మీటలు నొక్కినా ప్రయోజనం ఉండదు. డబ్బాను ఆపి, అరనిమిషం ఆగి, మళ్లీ వేసి చూడటం... తీగ వంకర తిరిగిందేమో చూడటం... ఆపైన కంపెనీకి ఫోన్ చేయడం. ఇంట్లోవాళ్ల పని అంతవరకే.

మాస్టారింట్లో ఫోన్ చేశారు. 'మీ ఫిర్యాదు మాకు ముఖ్యం' అన్న మాట పదకొండుసార్లు విన్నాక ఓ నంబరిచ్చారు. మనిషెప్పుడొస్తాడో చెప్పలేదు.

ఈలోగా పిల్ల ఊరుకుంటుందా? తన ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ డేటాతో ప్రయత్నించింది. తెర మీద ఎర్ర త్రికోణం, ఏదో ఇంగ్లిషు. టక్కున మూసేసింది. 'ఫోన్‌లో సిగ్నల్ లేదు తాతయ్యా' అంది. పోనీ ఫోన్‌లోనే ఆప్షన్లు పెట్టేస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. 'వేలెడు తెర మీద ఆరు పేజీల కోడ్లా? వేలు కాస్త పక్కన పడితే నాలుగేళ్లు పక్కన పడతాయి' అంది. ఆమె భయం ఆమెది. తండ్రి స్కూటరేసుకుని నెట్‌సెంటర్‌కు వెళ్లాడు. అక్కడ అప్పటికే ముప్ఫైమంది. పైగా పాస్‌వర్డ్ పరాయివాళ్ల చేతికివ్వాలి. ఎందుకైనా మంచిదని వరసలో నిలబడ్డాడు.

మూడు గంటలకు కంపెనీ కుర్రాడొచ్చాడు. డాబా ఎక్కి చూస్తే, పక్క దొడ్లోని కొబ్బరిమట్ట విరిగి తీగ మీద పడి వేలాడుతోంది. మట్ట తీసి, దెబ్బతిన్న ముక్క కత్తిరించి, కొత్త కనెక్టర్ వేశాడు. ఎర్రదీపం ఆరింది. ఆకుపచ్చది వెలిగింది. అతని ఫోన్‌లో వైఫై వచ్చింది, ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ వచ్చింది. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అందరూ ఊపిరి పీల్చుకుని కంప్యూటర్ తెరిచారు. మళ్లీ అదే ఎర్ర త్రికోణం!

కుర్రాడికి ఫోన్ చేస్తే, 'నెట్ వస్తోంది సార్, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది' అన్నాడు. ఈ మాట వినగానే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తప్పించుకుంటున్నాడనిపిస్తుంది. కానీ పాపం, అతను చెప్పింది నిజం.

అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న మాస్టారు లోపలికొచ్చారు. ఆయనకు కంప్యూటర్ కొత్త కాదు. దేశంలో జనానికి ఇంటర్నెట్ అందడం 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్‌తో మొదలైతే, ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన టెలిఫోన్ వైరుకు మోడెం తగిలించుకున్నారు. కీచుమంటూ అరిచి కలిసే నెట్ అది. పక్కగదిలో ఎవరైనా రిసీవరెత్తితే తెగిపోయేది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. నెట్, ఫోన్ ఒకేసారి పనిచేయడం అప్పట్లో ఓ వింత. 2008 జనవరి ఆఖర్లో ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్లు తెగితే, ఇక్కడ భారతదేశంలో నెట్ నత్తనడక నడిచింది. ఆ రోజుల్లో మోడెం పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. తెగింది ఎక్కడో తెలియకపోతే ఖర్చు అలాగే అవుతుంది మరి.

మాస్టారికి ఓ అలవాటుంది. లెక్క తప్పితే మొత్తం కొట్టేసి మొదట్నుంచీ చేయనివ్వరు. మధ్యలో ఓ మెట్టు చూసి, 'ఇక్కడిదాకా రైటా?' అంటారు. రైటైతే తప్పు కింద ఉంది. కాకపోతే పైన ఉంది. నెట్‌కూ అదే పద్ధతి పెట్టారు.

'అమ్మలూ, ఆ నల్ల తెర తెరువు' అన్నారు. ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ తెర అది. ఐపీకాన్‌ఫిగ్ అని కొడితే కంప్యూటర్‌కున్న చిరునామా కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే పైనుంచి ఎవరూ చిరునామా ఇవ్వలేదని, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టేసుకుందని అర్థం. అప్పుడు వైరో, రౌటరో చూసుకోవాలి. ఇక్కడ 192.168తో మొదలైంది. చాలా ఇళ్లలో రౌటర్ ఇచ్చేది ఇలాంటి చిరునామానే. అంటే రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మాటలున్నాయి.

తర్వాత పింగ్. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రామ్ అది. జలాంతర్గాముల జాడ తీసే సోనార్ చేసే శబ్దాన్నే దానికి పేరుగా పెట్టాడు. చేసే పని ఒక్కటే. 'ఉన్నావా?' అని కేకేయడం, 'ఉన్నా' అన్న జవాబుకు ఎంతసేపు పట్టిందో లెక్కేయడం. రౌటర్‌ను పిలిస్తే పలికింది. ఇంటిదాకా రైటే. ఊరి బయట 8.8.8.8ను పిలిచారు. 2009 నుంచీ గూగుల్ నడుపుతున్న సర్వర్ చిరునామా అది, గుర్తుపెట్టుకోవడం తేలిక. అదీ పలికింది. అంటే తీగ, కంపెనీ, సముద్రం... అన్నీ బాగానే ఉన్నట్టు!

అంకెలతో పిలిస్తే పలికేది పేరుతో పిలిస్తే పలక్కపోవచ్చు. పేరును అంకెగా మార్చే చిట్టా వేరే ఉంటుంది, టెలిఫోన్ డైరెక్టరీలాగా. డీఎన్ఎస్ అంటారు. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఏర్పాటు. చాలాసార్లు 'నెట్ పోయింది' అనుకునే రోజున పోయేది ఆ డైరెక్టరీయే. సరే, పేరుతోనూ పిలిచారు. అదీ పలికింది.

ఇక తప్పుకు మిగిలిన చోటు ఒకటే. కానీ గంట ఐదున్నర అయింది. కోడలు గుమ్మంలో నిలబడి, 'మావయ్యగారూ, పోనీ పక్కవీధి వాళ్లింటికి వెళ్లి...' అంది. మాస్టారు వినిపించుకోలేదు. మనవరాల్ని అడిగారు.

'పొద్దున ఫోన్ తగిలించినప్పుడూ ఇదే త్రికోణమా?'

'ఇదే తాతయ్యా.'

'మరి సిగ్నల్ లేదన్నావు?'

పిల్ల మాట్లాడలేదు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లినా ఒకే గుంత తగిలిందంటే, తప్పు దారిది కాదు, బండిది!

'అందులో ఏం రాసుందో చదువు.'

చదవడం! అసలు పని అదే. తెర మీద ఎర్రది కనిపిస్తే చాలు, మూసేయడానికి వేలు పరిగెడుతుంది. కింద రాసింది చదివేవాళ్లెంతమంది? పిల్ల చదివింది. 'మీ గడియారం వెనకబడి ఉంది' అని ఇంగ్లిషులో ఉంది. అందరూ తెర మూలకు చూశారు. 2012, జనవరి 1. అప్పటికి ఆ పిల్ల ఇంకా యూకేజీ.

'తాతయ్యా... పొద్దున ఆన్ చేయగానే ఎఫ్‌1 నొక్కమని వచ్చింది. నొక్కేశాను' అంది మెల్లగా.

సంగతి విడిపోయింది. కంప్యూటర్ లోపల, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడూ గడియారాన్ని నడిపించేది అదే. పన్నెండేళ్లకు దాని ఆయువు తీరిపోయింది. గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. రాత్రంతా కరెంటు పోయేసరికి గడియారం మెషిన్ పుట్టిననాటి తేదీకి వెళ్లిపోయింది.

తేదీ తప్పితే వెబ్‌సైట్ ఎందుకు తెరుచుకోదు? సురక్షితమైన ప్రతి సైటూ తాను అసలుదేనని ఓ సర్టిఫికెట్ చూపిస్తుంది. దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకూ చెల్లుతుందని గడువుంటుంది. 2012లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు 2024 సర్టిఫికెట్ చూపిస్తే ఏమంటుంది? ముందు తేదీ వేసిన చెక్కును బ్యాంకు గుమస్తా వెనక్కిచ్చినట్టే, కుదరదంటుంది. అది చేసింది తప్పు కాదు. నకిలీ సైట్ల నుంచి కాపాడే కాపలాయే అది. గడియారం ఒకటి రెండు నిమిషాలు తప్పితే నెట్ నుంచి చూసి సరిదిద్దుకుంటుంది. ఏళ్లకేళ్లు తేడా కనిపిస్తే పాత మెషిన్లు చాలావాటికి ధైర్యం చాలదు, ఊరుకుంటాయి.

మాస్టారు గోడ క్యాలెండర్ చూసి తేదీ చెప్పారు. చేతి గడియారం చూసి టైము చెప్పారు. పిల్ల రెండూ మార్చింది. సైటు తెరుచుకుంది.

నెట్‌సెంటర్ వరసలో ఇంకా తొమ్మిదోవాడిగా ఉన్న కొడుక్కి ఫోన్ వెళ్లింది. అతనొచ్చేసరికి తల్లి నోట్‌బుక్ చదువుతుంటే కూతురు కోడ్లు కొడుతోంది. ఒక్కో పేజీ అవగానే మాస్టారు తెరనూ నోట్‌బుక్‌నూ పోల్చి టిక్కు పెడుతున్నారు. మొదటి గడిలో విశాఖపట్నం కాలేజీ ఉంది. తండ్రి దాన్నొకసారి చూసి, చొక్కా మార్చుకోవడానికి లోపలికెళ్లాడు. తొమ్మిదింటికి అంతా పూర్తయింది. కరెంటు మళ్లీ పోతుందేమోనని అప్పటిదాకా అన్నం మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మాస్టారు సైడు మూత విప్పి ఆ బిళ్లను ఊడదీశారు. మీద సీఆర్2032 అని ఉంది. దాన్ని కాగితంలో చుట్టుకుని కంప్యూటర్ షాపులకు కాకుండా దగ్గర్లోని వాచీల దుకాణానికి వెళ్లారు. అక్కడా అదే దొరుకుతుందని ఆయనకు తెలుసు. కుర్రాడు బిళ్లను అటూఇటూ తిప్పి చూసి, 'ఏ వాచీకి తాతగారూ?' అన్నాడు.