ఓడలో గది ఎట్లా చూసుకోవాల

నేనూ మా ఇంటామె ఓడ మీద నిలబడిన ఫోటో పెట్టిన దినం నుంచి పాల కేంద్రం దగ్గర, మండీ దగ్గర ఒకటే ప్రశ్నలు. ఎంతయింది, మేమూ పోవచ్చునా, వాంతులు అవుతాయా అని. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే మొత్తం ఒకసారి రాసేస్తా ఉండా. పొడుగ్గా ఉంటుంది, గొడ్లకు మేత వేసి తీరిగ్గా చదువుకోండి. ఎంతయింది అనేదాని కంటే ఏ గది తీసుకున్నాం అనేది ముఖ్యం. ఆ సంగతి నాకు ఒక రాత్రి నిద్ర పాడైనాక తెలిసింది.

ముందే ఒక మాట. మామిడి దుడ్లతో పోయినానని ఎవరూ అనుకోవద్దండి. తోతాపురికి 2025లో కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని ప్రకటించినారు. ఆ సీజన్ ఎట్లా గడిచిందో నేను మీకు చెప్పాల్సిన పని లేదు. సగం దుడ్లు చెన్నైలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇచ్చింది, సగం పాల దుడ్లు.

మన చిత్తూరోళ్ళకు సముద్రం అంటే చెన్నై మెరీనానే. ఒడ్డున నిలబడి ప్యాంటు మడిచి కాళ్ళు తడుపుకొని వచ్చేస్తాం. అదే చెన్నై హార్బరు నుంచి 2022 జూన్ 4న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపి కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడను పంపించినారు. ఆ నెలలోనే అది మన విశాఖకూ వచ్చింది. 1990 నాటి ఓడ అది, పదకొండు అంతస్తులు, ఇంచుమించు ఎనిమిది వందల గదులు. మరుసటి ఏడు జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు కూడా పోయింది. విశాఖలో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచినారు. అంటే అమెరికాలో పిల్లలుండేవాళ్ళకే ఇట్లాంటి యోగం అని ఇప్పుడు అనుకోవాల్సిన పని లేదు. పూతలపట్టులో పొద్దున్నే బయలుదేరితే చిత్తూరు, రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా చెన్నైలో దిగుతాం. మన దేశం నీళ్ళలోనే తిరిగి వచ్చే ట్రిప్పుకు ఆధార్ కార్డు చాలు, జిరాక్స్ కాదు, ఒరిజినల్. శ్రీలంక అంటే మాత్రం పాస్‌పోర్టు ఉండాల.

మేము పోయింది నలుగురం. నేను, మా ఇంటామె, మా బామ్మర్ది, వాని భార్య. రెండు రాత్రుల ట్రిప్పు. కాయ అయిపోయినాక పోయినాం. మాకు పెద్ద కష్టం దుడ్లు కాదు, ఆవులు. మూడు జెర్సీ ఆవులు, మూడూ పాలిచ్చేవే. పెండ్లయిన ఇరవై తొమ్మిదేండ్లలో మా ఇంటామె ఒక్క రాత్రి కూడా కొట్టం విడిచి బయట పడుకోలేదు. పుట్టింట్లో పెండ్లికి పోయినా సాయంత్రం పాల టయానికి వచ్చేసేది. చెయ్యి మారితే ఆవు చేపదు, మీకు తెలిసిందే. అందుకని వారం ముందు నుంచే పక్కింటి వదినను పిలిచి, మా ఇంటామె పక్కన నిలబడి ఆవును నిమురుతా ఉంటే ఆమె చేత పిండించినాం. మొదటి రెండు దినాలు పక్కన, తర్వాత కొట్టం వాకిట్లో, ఆఖరికి ఇంట్లో నుంచి. మీరు ఎక్కడికి పోవాలన్నా ఈ పని వారం ముందే మొదలుపెట్టండి. ముందు రాత్రి చెప్పి పోతే ఆవు తన్నినా తన్నుతుంది, పొదుగు వాపు వచ్చినా వస్తుంది.

ఇంక గది సంగతి. ఓడలో గదులు మూడు నాలుగు రకాలు. లోపలి గది అంటే ఓడ కడుపులో ఉంటుంది, నాలుగు పక్కలా గోడలే, కిటికీ లేదు. కిటికీ గది అంటే అద్దంలో సముద్రం కనపడుతుంది, ఆ అద్దం తెరుచుకోదు. కొన్ని ఓడల్లో బాల్కనీ గదులు, ఆపైన పెద్ద సూట్లు. లోపలి గదికీ కిటికీ గదికీ మా ఇద్దరికి కలిపి తేడా పదకొండు వేలు. నేను వెంటనే లెక్క వేసినా. పదకొండు వేలంటే మా మూడావుల పదిదినాల పాల దుడ్లు. నిద్రపోయేదానికి కిటికీ ఎందుకు, పగలంతా పైన తిరుగుతాం కదా అని లోపలి గది తీసుకున్నా. మా బామ్మర్ది భార్య మాత్రం కిటికీ లేకుంటే రానే రానంది. వాడు కట్టినాడు. నేను వాన్ని చూసి లోపల నవ్వుకున్నా కూడా.

మొదటి రాత్రి పదిన్నరకు లైటు ఆర్పినాం. అట్లాంటి చీకటి మన ఊర్లో అమావాస్యకు కరెంటు పోయినా ఉండదు. చెయ్యి మొహం ముందర పెట్టుకున్నా కనపడదు. ఏసీ చప్పుడు, అడుగున ఎక్కడో ఇంజను సన్నగా గుర్రుమని. నాకేమో నిద్ర పట్టేసింది. మా ఇంటామె అలారం పెట్టుకొని లేచే మనిషి కాదు. కిటికీలో తెల్లదనం, కోడికూత, ఆవు మెడలో గంట, ఇవే ఆమె గడియారం. ఒంటిగంటకు లేపి "తెల్లారిందేమో చూడు" అనింది. రెండుకు మళ్ళీ లేపింది. మూడున్నరకు నాకే మెలకువ వచ్చి చూస్తే మంచం మీద లేదు.

గుండె జారిపోయింది నిజంగా. బయట నడవాలు చూస్తే అన్నీ ఒకటే మాదిరి, అన్నీ ఒకటే రంగు తలుపులు. ఆమెకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు మూడు అంతస్తులు ఎక్కి దిగి, ఆఖరికి పైన బయట బెంచీ మీద కొంగు కప్పుకొని కూర్చొని ఉంటే చూసినా. చుట్టూ చీకటి నీళ్ళు. ఏమైందని అడిగితే చాలాసేపు పలకలేదు. తర్వాత అనింది, "ఇరవై తొమ్మిదేండ్లకు ఒక్కసారి బయటికి తీసుకొచ్చినావు. తెచ్చి గోడౌన్లో మూటను వేసినట్టు వేసినావు కదయ్యా."

నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం.

పొద్దున టిఫిన్ దగ్గర మా బామ్మర్ది కండ్లు నులుముకుంటా వచ్చినాడు. వాడు లారీ డ్రైవరు. రాత్రిళ్ళు బండి తోలి పగలు క్యాబిన్లో గుడ్డ కట్టుకొని పడుకునే అలవాటు. "ఏం కిటికీ బావా, ఆరు కాకముందే ఎండ మొహం మీద కొట్టింది" అన్నాడు. మా గది చూపించినా. లోపలికి పోయి లైటు ఆర్పి, "ఇది స్వర్గం బావా" అన్నాడు. అక్కడికక్కడే మార్చుకున్నాం. ఊరికే సంచులు మార్చుకోలేదు, రిసెప్షన్లో చెప్పి పేర్లు మార్పించినాం. ఎవరు ఏ గదిలో ఉన్నారో వాళ్ళ లెక్కలో సరిగ్గా ఉండాల, రేపు ఏదన్నా జరిగితే వెతికేది ఆ లెక్క ప్రకారమే. మా చెల్లెలు, అంటే వాని భార్య, కిటికీ పోయిందని కొంచెం అలిగింది. పగలంతా మా గదిలోనే కూర్చోమ్మా అని బతిమాలినాం. తేడా పదకొండు వేలూ వానికి ఇచ్చేసినా. వద్దన్నాడు, జేబులో పెట్టినా.

రెండో రాత్రి మా ఇంటామె పడుకుంటే నాలుగున్నరకు తనంతట తనే లేచింది. లేచి కిటికీ దగ్గర కూర్చుంది. నన్ను లేపలేదు. నీళ్ళ మీద ఎరుపు వచ్చినాక లేపింది.

కాబట్టి నేను చెప్పేది, లోపలి గది చెడ్డదనీ కాదు, కిటికీ గది గొప్పదనీ కాదు. మీతో వచ్చే మనిషి ఇంట్లో ఎట్లా పడుకుంటారో చూడండి. దుడ్లు ఆదా చెయ్యాలంటే తిండిలో, షాపింగులో చెయ్యండి. వరండాలో, ఆరుబయట మంచం వేసుకునే ముసలోళ్ళను, గాలాడకపోతే ఆయాసపడే వాళ్ళను లోపలి గదిలో పెట్టొద్దు. నైట్ డ్యూటీలు చేసే పిల్లకాయలకు అదే మేలు. గది ఎవరికైనా చిన్నదే, మన మోటారు షెడ్డు కంటే కొంచెం పెద్దది అనుకోండి. నలుగురికి ఒకే గది అంటే ఇద్దరు గోడలో నుంచి దించే పై మంచం ఎక్కాల, నిచ్చెన ఉంటుంది. మోకాళ్ళ నొప్పులోళ్ళు ముందే చెప్పుకొని కింది మంచం రాయించుకోండి.

రకం తేల్చుకున్నాక ఓడలో ఎక్కడ అనేది చూడాల. ఎద్దులబండిలో ఎక్కడ కూర్చుంటే కుదుపు తక్కువ? ఇరుసు మీద. బస్సులో ఆఖరి సీటు ఎట్లా ఎగరేస్తుందో మీకు తెలుసు. ఓడా అంతే. ముందు కొన, వెనక కొన పైకీ కిందికీ ఊగుతాయి. పై అంతస్తులు పక్కకు ఎక్కువ ఊగుతాయి, తాటిచెట్టు తల మాదిరి. నడిమధ్యన, కింది అంతస్తుల్లో గది అయితే ఊపు తక్కువ. వాంతుల భయం ఉండేవాళ్ళు దుడ్లు ఎక్కువ పెట్టి పైకి పోయేది దండగ. ముందు పక్క అయితే లంగరు గొలుసు దించేటప్పుడు చప్పుడు, వెనక అయితే ఇంజను అదురు, ఇవి కూడా ఉంటాయి.

బుక్ చేసేటప్పుడు ఓడ ప్లాను అడగండి, నెట్లో కూడా దొరుకుతుంది. ఇంటి ప్లాను చూసినట్టు అంతస్తు అంతస్తు గీసి ఉంటారు. మీ గది నంబరు మీద వేలు పెట్టి, సరిగ్గా దాని పైన ఏముంది, కింద ఏముంది చూడండి. పైన ఈత కొలను ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద డాన్సు హాలు ఉంటే అర్ధరాత్రి దాకా దడదడ. వంటిల్లు పక్కన అయితే బండ్ల చప్పుడు. పైనా కిందా గదులే ఉండే గది మేలు. లిఫ్టుకు దగ్గర ఉండాల గానీ ఆనుకొని వద్దు. కొన్ని కిటికీ గదులు తక్కువ రేటుకు ఇస్తారు, ఎందుకా అంటే కిటికీ ఎదురుగా లైఫ్ బోటు వేలాడతా ఉంటుంది, సముద్రం కనపడదు. ఇంకొకటి "గ్యారంటీ" గది. పేరు చూసి మోసపోవద్దు. రకం మాత్రమే గ్యారంటీ, నంబరు వాళ్ళ ఇష్టం. చెన్నై నుంచి విశాఖకు పోయే ట్రిప్పు అయితే పోయేటప్పుడు కుడి పక్క గదికి సూర్యోదయం, ఎడమ పక్క మన కోస్తా. వచ్చేటప్పుడు తిరగబడుతుంది.

ఖర్చు విషయంలో, మాకు టికెట్టు చేసిచ్చిన ఏజెంటు "అంతా ఫ్రీ అన్నా, చెయ్యి ఊపుకుంటా పోండి" అన్నాడు. కాదు. మామూలు భోజనం, మామూలు ఆటపాటలు టికెట్లో ఉంటాయి. మందు, స్పెషల్ హోటళ్ళు, నెట్టు, క్యాసినో అన్నీ వేరే. పోర్టు చార్జీలు, జీఎస్టీ టికెట్టు రేటు మీద పడతాయి, ఆఖరి బిల్లు చూసినాకే అడ్వాన్సు ఇవ్వండి. ఓడలో నోట్లు నడవవు, గది తాళం కార్డులోనే ఖాతా రాసుకుంటారు. సంతకం పెట్టేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. క్యాసినో వాకిలి నేను తొక్కలేదు. మామిడి సాగు చేసేవానికి వేరే జూదం ఎందుకు.

ఎక్కేటప్పుడు ఎయిర్‌పోర్టు మాదిరి స్కానింగు ఉంటుంది. నా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న కత్తి తీసి పెట్టుకొని, దిగినాక ఇచ్చినారు. మందు బాటిళ్ళు, ఇస్త్రీపెట్టె, కెటిల్ తీసుకొని పోవద్దు. తిండి మంచిదే. సంగటి మాత్రం లేదు.

వాంతుల మాత్ర డాక్టరును అడిగి తీసుకోండి, బీపీ, షుగరు ఉండేవాళ్ళు తప్పకుండా. ఊపు మొదలైనాక కాదు, ముందే వేసుకోవాల. కడుపు తిప్పితే గదిలో పడుకోకుండా పైకి వచ్చి దూరంగా నీళ్ళు ఆకాశం కలిసే గీత చూడండి, కుదురుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, ఆ నెలల్లో నేనైతే పోను.

ఒడ్డు దాటినాక ఫోను పనిచెయ్యదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి, లేకుంటే ఓడ నెట్‌వర్కు పట్టుకొని రోమింగు బిల్లు వస్తుంది. ఫోనుతో మోటారు ఆన్ చేసేవాళ్ళు ఇంట్లో ఎవరికైనా స్టార్టరు అప్పగించి పోండి. పశువుల డాక్టరు నంబరు గోడ మీద రాసి పెట్టండి.

ఇంకొకటి, నవ్వులాటగా తీసుకోవద్దు. ఎక్కినాక అందరినీ పిలిచి లైఫ్ జాకెట్టు, ప్రమాదంలో ఎక్కడ చేరాల అనేది చూపిస్తారు. చానామంది ఫోన్లో వీడియో తీసుకుంటా నిలబడినారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో మనం టీవీలో చూసినాం కదా. 2012లో ఇటలీలో కోస్టా కాంకార్డియా అనే పెద్ద ఓడ రాయికి కొట్టుకొని ఒరిగి 32 మంది పోయినారు. ఆ దినం ఎక్కినవాళ్ళకు ఆ ట్రైనింగు ఇంకా ఇవ్వనే లేదు. మీ గది నుంచి ఆ చోటికి ఒకసారి నడిచి చూసుకోండి, ఎన్ని మలుపులో లెక్కపెట్టుకోండి. ముందే అట్లా నడిచి ఉంటే ఆ రాత్రి మా ఇంటామెను వెతికేదానికి నాకు అంతసేపు పట్టేది కాదు.

దిగి ఇంటికి వచ్చేసరికి సాయంత్రం పాల టయం. పక్కింటి వదిన అన్నీ బాగా చూసుకుంది. నల్లావు మాత్రం రెండు దినాలు పూటకు లీటరు తక్కువ ఇచ్చిందంట. మా ఇంటామె చీర కూడా మార్చుకోకుండా కొట్టంలోకి పోయింది. వచ్చే ఏడు విశాఖ ట్రిప్పు చూడమంటా ఉంది, కుడి పక్క గది అని కూడా చెప్పింది.

ఇంకేమన్నా అడగాలంటే సాయంత్రం ఏడున్నర దాటినాక ఫోన్ చెయ్యండి. అంతకుముందు చేస్తే నా చేతులు ఖాళీ ఉండవు.