నిలువు గ్లాసు

సైఫాబాద్ హోంసైన్స్ కాలేజీలో సీటొచ్చిందంటే ఊళ్లో అందరూ వంటల చదువే అనుకున్నారు. మానవ వికాసం, కుటుంబ అధ్యయనం అని చెబితే, "పిల్లల్ని పెంచడానికీ చదువేనా తల్లీ?" అంది అమ్మమ్మ.

నర్సరీ ల్యాబులో మొదటివారం ఓ నాలుగేళ్ల బాబు గురించి 'మొండివాడు' అని రాశాను. మేడమ్ ఆ మాట కొట్టేసి, "నీ తీర్పు వద్దు, వాడేం చేశాడో రాయి" అన్నారు. మళ్లీ చూశాను. బొమ్మను మూడుసార్లు విసిరాడు. విసిరిన ప్రతిసారీ తలుపు వైపు చూశాడు. అమ్మ వెళ్లింది ఆ తలుపులోంచే. అమ్మతో బిడ్డకుండే బంధం గురించి బౌల్బీ చెప్పిన అనుబంధ సిద్ధాంతం నాకు పుస్తకంలో కన్నా ఆ చూపులోనే ముందు అర్థమైంది. ఆ బాబుకు నేను పెట్టిన పేరు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

తర్వాత క్లాసులో బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ గురించి చదివాను. 1979లో ఆ మనస్తత్వవేత్త తన పుస్తకంలో బిడ్డ చుట్టూ వలయాలు చూపించాడు: ఇల్లు, బడి, అమ్మానాన్నల ఉద్యోగం, వాటన్నిటినీ చుట్టుకున్న సమాజం. నాన్న నైట్‌డ్యూటీ కూడా బిడ్డ నిద్రలోకి వస్తుందన్నమాట.

పియాజే ప్రయోగం మాత్రం ఇంట్లోనే చూశాను. వెడల్పు గ్లాసులోని నీళ్లు సన్నటి పొడవాటి గ్లాసులో పోస్తే, నీళ్లు పెరిగాయంటారు నాలుగైదేళ్ల పిల్లలు. సెలవులకు వెళ్లినప్పుడు మజ్జిగ తక్కువైందని మా ఇంట్లో చిన్నది ఏడుస్తుంటే, అమ్మమ్మ మాట్లాడకుండా ఆ మజ్జిగనే నిలువు గ్లాసులోకి ఒంపింది. ఏడుపు ఆగిపోయింది.

ఆ రాత్రి నా పరిశీలన పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన అమ్మమ్మ పేరు రాసుకున్నాను.