మంచం పక్కన కూర్చున్న మనిషికి

మా స్టేషన్ ఘనపూర్ దిక్కు ఏ ఊరికి పోయినా పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దమనిషి ఒకరుంటరు. పక్కన ఓ కోడలో, భార్యో. ఆమె చేసేదానికి కూలి లేదు, సెలవు లేదు. ఆ ఇంటి గడప తొక్కే ఆశా అక్కలన్నా, ఇంటికాడనే పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) అందించే సర్కారు 'ఆలన' బండిలొచ్చే నర్సులన్నా నాకు ఎనలేని గౌరవం. రోగిని రెండు గంటలకోసారి తిప్పాలని చెప్పి పోరు వాళ్లు. నడుము కింద మడత దుప్పటి వేసి, అంచు పట్టి ఎట్ల లాగాలో కోడలితోనే చేయించి చూస్తరు. రోగికి పుండు పడొద్దు, ఆమె నడుము పోవద్దు. "నువ్వు తిన్నవా వదినా, బీపీ చూపించుకున్నవా" అని అడిగేది కూడా వాళ్లే.

1993లో కేరళలోని కోజికోడ్‌లో పుట్టిన పాలియేటివ్ కేర్ సొసైటీ నుంచి పెరిగిన ఉద్యమం అక్కడి ఊరివాళ్లకే రోగిని చూసుకునే ఈ పని నేర్పింది. ఆ రాష్ట్రం 2008లో దాన్ని ప్రభుత్వ విధానం చేసింది. మన ఆశాలకేమో ఇప్పటికీ పారితోషికమే. వాళ్లకు స్థిర వేతనం ఇవ్వాలె. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాసిన సంరక్షకుల భత్యం మన ఊళ్లకు చేరాలె.

మీ వాడలో ఇట్లాంటి ఇల్లుంటే ఆశా అక్కకు ఇయ్యాలే చెప్పండి. ఒక పూట మీరు కూర్చుంటే ఆ కోడలు దవాఖానకు పోయొస్తది.