కాపీయే... కానీ దొంగతనం కాదు!

కొత్త పాట వచ్చిన గంటకే 'ఎక్కడి నుంచి ఎత్తారు?' అని కామెంట్లు మొదలవుతాయి. అవి చదివినప్పుడల్లా నాకు చైనా పింగాణీ ఊరు జింగ్‌డెజెన్ గుర్తొస్తుంది.

సుమారు 900 ఏళ్ల కిందట, సోంగ్ రాజుల కాలంలో 'రూ' అనే సెలడాన్ పాత్రలు చేశారు. వాన వెలిశాక కనిపించే ఆకాశంలా ఉంటుంది వాటి రంగు. అదంతా పైపూతలో కలిసిన కాస్తంత ఇనుము మహిమే! బట్టీలో గాలి తగ్గించి కాలిస్తే ఆ రంగు తేలుతుంది. గాలి ఎక్కువైతే పసుపుకి తిరిగిపోతుంది. ఇప్పుడు అలాంటివి ప్రపంచంలో వంద కూడా లేవంటారు. 2017లో హాంకాంగ్ వేలంలో ఒక్క చిన్న గిన్నె 29 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది.

ఆ రంగుని మళ్లీ తెప్పించాలని చక్రవర్తి యోంగ్‌జెంగ్‌కి ఆశ. 1728లో తాంగ్ యింగ్ అనే అధికారిని జింగ్‌డెజెన్‌కి పంపాడు. ఆయనకి ఆ పని కొత్త. మూడేళ్లు పనివాళ్లతోనే తిని, వాళ్లతోనే పడుకుని నేర్చుకున్నాడు. రాజభవనం నుంచి వచ్చిన సోంగ్ పాత్రలే అక్కడ శాంపిళ్లు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి సంగతి. అలా చేసిన పాత్రల్ని తిరగేస్తే చాలావాటి అడుగున 'మహా చింగ్ వంశం, యోంగ్‌జెంగ్ కాలంలో తయారు' అని నీలి అక్షరాలుంటాయి. పాతదని నమ్మించే వేషాల్లేవు. రంగు పెద్దలది, పనితనం మాది అని చెప్పేసినట్టే.

పాతదాన్ని చూసి నేర్చుకోవడం తప్పేం కాదు. అడుగున ఏం రాశామన్నదే అసలు లెక్క.