తెరచాటు కూర్పు

అక్కయ్య నోట విన్న సామెతలను ముప్పయ్యేళ్ళుగా నోటుపుస్తకాలలో వ్రాసుకొంటూ వచ్చాను. లెక్క చూస్తే పన్నెండు వందల పైచిలుకు తేలినవి. వాటినన్నిటినీ వివరణలతో ఒకే పుటగా కూర్చి, మొదట అక్కయ్యకే పంపాను. ఆమెది పాత ఫోను. "ఒరేయ్ తమ్ముడూ, నీ పుట తెరిస్తే ఫోను కొయ్యబారిపోతోందిరా" అన్నది. ఆమె మాటలు ఆమెకే అందకపోవడం నాకెంతో చిన్నతనమనిపించింది.

తప్పు నా జావాస్క్రిప్టులోనే ఉన్నది. ఒక్కొక్క సామెతకు క్రియేట్‌ఎలిమెంట్‌తో ఒక పేరాను సృష్టించి, అపెండ్‌చైల్డ్‌తో వెంటనే పుటలో చేర్చి, ఆ క్షణమే దాని ఎత్తు అడుగుతున్నాను. వివరణ పొడవైతే మడిచి, క్రింద ‘ఇంకా’ అనే మీట పెట్టాలని నా ఆశ. ఊరక చేర్చుకొంటూపోతే విహరిణి (అదే, బ్రౌజరు) స్క్రిప్టు ముగిసేదాకా ఆగి ఒక్కసారే కొలుచుకొంటుంది. ఎత్తు అడిగితే మాత్రం పని ఆపి అక్కడికక్కడే లెక్క తేల్చవలసినదే. అలా పన్నెండు వందల మార్లు! వంటవాణ్ణి గరిటెగరిటెకూ పిలిచి ఉప్పు సరిపోయిందా అని అడిగితే వంట ఎప్పటికి దిగుతుంది?

పూర్వవిద్యార్థి ఒకడు డాక్యుమెంట్‌ఫ్రాగ్మెంటును వాడమన్నాడు. 1998 నాటి తొలి డామ్ ప్రమాణంలోనే ఉన్నది, నాకే తెలియలేదు. అది తెరపై కనబడని పళ్ళెం. సామెతలన్నీ అందులో పేర్చి పుటకు అందిస్తే, పేర్చినవన్నీ పుటలోకి చేరతాయి. పళ్ళెం ఖాళీగా వెలుపలే మిగులుతుంది. చూడగానే పాణినీయంలోని ఇత్తులు స్ఫురించి నవ్వుకొన్నాను. ఘఞ్ ప్రత్యయంలో ఘకార ఞకారాలు ఇత్తులై లోపిస్తాయి, రూపంలో నిలిచేది అకారమే.

అయితే తెరచాటున ఉన్న పేరాను ఎత్తెంత అని అడిగితే సున్నా అంటుంది. ఒక పూటంతా ఈ సున్నాలతోనే గడిచింది. పుటలోనే లేనిదానికి కొలత ఎక్కడిది? చివరకు అన్నిటినీ ఒక్కమారుగా చేర్చి, పిమ్మట ఎత్తులన్నీ వరుసగా అడిగి, అడగడం పూర్తయ్యాకనే మీటలు పెట్టాను. ఒకటి అడిగి ఒకటి మార్చి, మళ్ళీ అడిగితే పాత రోగమే తిరగబెడుతుంది. నిజం చెప్పాలంటే వేగం తెచ్చినది పళ్ళెంకన్నా ఈ క్రమమే.

నిన్న అక్కయ్య ఫోను చేసింది. పుట తెరుచుకొన్నదని అనలేదు. "నాలుగువందల పన్నెండోది నేనలా చెప్పలేదురా, అమ్మ అనే తీరు వేరు" అన్నది. పాత నోటుపుస్తకం వెదుకుతున్నాను.