పికప్ కోసం పడిన పాట్లు

నేను కారు నడపడం నేర్చుకునే రోజుల్లో నాన్న ఒకసారి "ఈ బండికి పికప్ లేదురా" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇక్కడ అమెరికాలో పికప్ అంటే వెనక సామాను వేసుకునే ట్రక్కు. మన కారుకి ట్రక్కు ఎందుకుంటుంది? తర్వాత తెలిసింది, యాక్సిలరేటర్ తొక్కగానే బండి చురుగ్గా అందుకుంటే దానికి పికప్ ఉన్నట్టు. మీరూ నాలాగే ఇంట్లో విని తెలుగు నేర్చుకుంటుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా దాని గురించే.

నాది 2008 హోండా సివిక్. నాన్న చాలా ఏళ్లు నడిపి నాకు ఇచ్చారు. 1.8 లీటర్ల ఇంజన్, 140 హార్స్‌పవర్. ఆఫీసుకి వెళ్లి రావడానికి అది చాలు. కానీ నాకు చాలదనిపించింది. ఆన్‌లైన్‌లో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి స్టీరింగ్ కింద గుచ్చే చిన్న "పవర్ చిప్", 25 డాలర్లు. రెండోది గాలి పీల్చే గొట్టం, దాని చివర ఎర్రటి ఫిల్టర్, 80 డాలర్లు. రెండూ కలిపితే 20 హార్స్‌పవర్ పెరుగుతుందని ప్రకటనల్లో రాశారు.

"డబ్బులు ఎందుకు తగలేస్తావురా?" అన్నారు నాన్న.

"మీకు తెలీదు నాన్నా" అన్నాను.

రెండూ బిగించి స్టార్ట్ చేస్తే కారు గర్జించింది. ఎక్కడ లేని బలం వచ్చిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత అమ్మని తీసుకుని ఫ్రీవే ఎక్కుతున్నాను. పక్క లేన్‌లో వెనక నుంచి పెద్ద ట్రక్కు వస్తోంది. ఇదివరకైతే దాన్ని ముందు పోనిచ్చేవాణ్ణి. ఆ రోజు మాత్రం "ఇప్పుడు పికప్ ఉంది కదా" అనుకుని గట్టిగా తొక్కాను. చప్పుడు వచ్చింది. వేగం రాలేదు. ట్రక్కు డ్రైవర్ హారన్ కొట్టి, బ్రేకు వేశాడు కాబట్టి బతికాం. ఇంటికి వచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. కారు దిగి, "ఇక నీ కారు ఎక్కను" అంది.

ఆ ఆదివారం పొద్దున్నే నాన్న ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. అదే ర్యాంప్, ముందున్న సిగ్నల్ దగ్గర నుంచి 60 మైళ్ల వేగం వరకు. కొత్త సామానుతో మూడుసార్లు: 9.8, 10.1, 9.9 సెకన్లు. ఇంటికి వచ్చి అవి రెండూ తీసేసి, పాత ఫిల్టర్ డబ్బా బిగించాం. మళ్లీ మూడుసార్లు: 9.9, 9.8, 10.0. నాన్న అంకెలన్నీ కిరాణా రసీదు వెనక రాసి నా చేతికిచ్చారు.

"పైన పటారం, లోన లొటారం" అన్నారు. అంటే ఏమిటని అడిగాను. పైకి ఆర్భాటం, లోపల డొల్ల అని చెప్పారు.

ఎందుకిలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. నా ఇంజన్ నిమిషానికి 6,000 సార్లు తిరిగితే దాదాపు 5,400 లీటర్ల గాలి పీలుస్తుంది. కంపెనీ పెట్టిన డబ్బా బానెట్ ముందు భాగం నుంచి చల్లగాలి తీసుకుంటుంది. (నాకు హుడ్, నాన్నకి బానెట్.) నేను పెట్టిన గొట్టం ఇంజన్ పక్కనే ఉండి వేడిగాలి పీల్చింది. వేడిగాలి పల్చన, అందులో ఆక్సిజన్ తక్కువ. మరి ఆ గర్జన? గాలి చప్పుడుని అణిచే డబ్బాని నేనే పీకేశాను కదా, అదీ సంగతి.

పవర్ చిప్‌ని విప్పి చూశాను. మెరిసే చిన్న దీపాలున్నాయి. కారు కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నులకి లోపల ఏ తీగా కలపలేదు.

సూపర్‌చార్జర్ పేరుతో చిన్న కరెంటు ఫ్యాన్లు కూడా అమ్ముతారు. 12 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 120 వాట్లు. అది హార్స్‌పవర్‌లో ఆరో వంతు కూడా కాదు. నిజమైన సూపర్‌చార్జర్ తిరగడానికే ఎన్నో హార్స్‌పవర్లు కావాలి.

అన్నీ మోసమని అనను. టర్బో ఉన్న కార్లలో కంప్యూటర్‌ని సరిగ్గా ట్యూన్ చేస్తే బలం నిజంగానే పెరుగుతుంది. కానీ దానికి వందల డాలర్లవుతాయి, ఇంజన్ మీద భారం కూడా పెరుగుతుంది. నాలాంటి టర్బో లేని కారులో మంచి గొట్టం, మంచి సైలెన్సర్, ట్యూన్ అన్నీ కలిపినా వచ్చేది కొద్దిగానే.

చవకగా పనిచేసేది ఒకటుంది. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లు పరీక్షించి చూస్తే, బాగా పూడుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరగలేదు కానీ, బండి వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం మెరుగైంది. అంటే పోయిన పికప్ తిరిగొస్తుంది, కొత్తది రాదు. నేనూ కొత్త ఫిల్టర్ వేశాను. టైర్లలో గాలి చూశాను. డిక్కీలో నెలల తరబడి మోస్తున్న సామానంతా దించాను.

నా కారుకి ఇప్పుడూ అవే 140 హార్స్‌పవర్. నెల తర్వాత అమ్మ మళ్లీ నా పక్కన కూర్చుంది. అదే ర్యాంప్. ఈసారీ వెనక ట్రక్కు వస్తోంది. నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను.

"దాన్ని పోనీ" అంది అమ్మ.

"పోనిచ్చానమ్మా" అన్నాను.